ఫక్కరథము – తొలి అడుగు నుండి సహస్రచంద్రదర్శనము వరకు

రథము అనగానే ఆస్తికులకు కఠోపనిషత్తు స్మరణకు వచ్చును. అందులో శరీరము రథముగాను, ఆత్మ రథస్వామిగాను, బుద్ధి సారథిగాను నిరూపింపబడినవి. ఆర్షవాఙ్మయములో అంతగా ప్రసిద్ధి పొందని మరొక రథము కూడా కలదు. దానికి మూడే చక్రములు. దానిని పట్టుకొని నడిచేది నడక రాని పసిబిడ్డ. కాశ్యపసంహిత దానికి 'ఫక్కరథము' అని పేరు పెట్టినది. మానవశరీరము ఎట్లు పెరుగును, ఎప్పుడు కదలును, ఎప్పుడు నిలుచును, ఎప్పుడు వంగును అన్న విషయములను మన పూర్వులు ఎంత శ్రద్ధగా పరిశీలించారో తెలుసుకొనుటకు ఆ చిన్న రథము చక్కని ఆధారము.

గర్భస్థ శిశువు – ఋషుల సంవాదము

గర్భోపనిషత్తు పిండము యొక్క వృద్ధిని రాత్రులతోను, మాసములతోను లెక్కించినది. ఒక రాత్రికి కలలము, ఏడు రాత్రులకు బుద్బుదము, అర్ధమాసమునకు పిండము, రెండు మాసములకు శిరస్సు, మూడు మాసములకు పాదములు అన్నది దాని క్రమము. సుశ్రుతసంహిత శారీరస్థానములో మూడవ మాసమున చేతులు, కాళ్ళు, శిరస్సు ఐదు మొలకలుగా కనిపించుననియు, నాల్గవ మాసమున అంగవిభాగము స్పష్టమగుననియు చెప్పబడినది.

ముందుగా ఏ అంగము పుట్టును అన్న ప్రశ్నపై అక్కడ ఒక చర్చ నిక్షిప్తమై ఉన్నది. శౌనకుడు శిరస్సు అన్నాడు. కృతవీర్యుడు హృదయము అన్నాడు. పారాశర్యుడు నాభి అన్నాడు. మార్కండేయుడు మాత్రము చేతులు, కాళ్ళు అన్నాడు. గర్భము యొక్క చేష్టకు అవియే మూలము కనుక అన్నది అతని హేతువు. సుభూతి గౌతముడు మధ్యశరీరము అన్నాడు. చివరకు ధన్వంతరి అన్ని అంగములూ ఒక్కసారే కలుగుననియు, సూక్ష్మములగుటచేత వేరుగా కానరావనియు సిద్ధాంతీకరించాడు. మామిడి పండులో పీచు, టెంక, గుజ్జు వేరువేరుగా తెలియుచున్నవి. లేత పిందెలోనూ అవి ఉన్నవి, కాని కంటికి తెలియవు అన్నది ఆయన చూపిన దృష్టాంతము.

నేటి పిండశాస్త్రము ప్రకారము బాహువుల మొలకలు నాల్గవ వారము చివరకే కనిపించును. అందుచేత ప్రాచీనుల కాలగణన నేటి గణనతో పూర్తిగా కలియదు. అయినను ఇక్కడ గ్రహింపవలసినది వేరొకటి. పరస్పరవిరుద్ధములైన ఐదు మతములను చెరిపివేయక, చెప్పినవారి పేర్లతో సహా నిలిపి, అటుపైన సిద్ధాంతమును చెప్పుట శాస్త్రము యొక్క నిజాయితీ.

కూర్చుండుటకు ఒక కాలము

తెలుగునాట వైదికులలో అధికులు ఆపస్తంబ సూత్రీయులు. ఆ గృహ్యసూత్రము అన్నప్రాశనమును ఆరవ మాసమున విధించినది. శిశువును ఇంటి నుండి వెలుపలికి తెచ్చు నిష్క్రమణమును మనుస్మృతి నాల్గవ మాసమున చెప్పినది. శిశువును నేలపై కూర్చుండబెట్టుటకు కూడా వైద్యగ్రంథములు 'ఉపవేశనము' అను పేరున ఒక శుభకర్మను ఏర్పరచినవి. సంస్కారములను కేవలము తిథివారనక్షత్రముల వ్యవహారముగా భావించేవారు గమనింపవలసినది ఇదే. ప్రతి సంస్కారము వెనుక శరీరము యొక్క ఒక నూతన సామర్థ్యము ఉన్నది.

ఈ కర్మలు ఉత్సవములు మాత్రమే కావు, హెచ్చరికలు కూడా. శిశువును అకాలమున కూర్చుండబెట్టరాదనియు, అట్లు చేసినచో గూని కలుగునన్న భయము కలదనియు సుశ్రుతుడు చెప్పాడు. నిద్రించు బిడ్డను హఠాత్తుగా లేపరాదు, ఒక్కసారిగా ఎత్తరాదు, దింపరాదు అన్నాడు. చరకుడు ఆటవస్తువులను గూర్చి చెప్పిన నియమములు నేటి తల్లికి కూడా పనికివచ్చును. అవి రంగురంగులుగా ఉండవలెను, ధ్వని చేయవలెను, మనోహరములై ఉండవలెను. బరువుగా ఉండరాదు, మొన తేలి ఉండరాదు, నోటిలోనికి పోయేవిగా ఉండరాదు, బిడ్డను భయపెట్టరాదు.

శాస్త్రము చూపిన ఈ శ్రద్ధను తెలుగు ఇల్లాలు తన వంటింటిలోనికి తెచ్చుకొన్నది. బోర్లా పడితే బొబ్బట్లు, పారాడితే పాయసము, అడుగులు వేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. మంత్రము లేని ఈ సంస్కారములు కూడా దేహవృద్ధిని గుర్తించి పండుగ చేసుకొనుటయే.

నడవని బిడ్డ

అందరి బిడ్డలూ సకాలమున అడుగు వేయరు. అప్పుడేమి చేయవలెను? ఈ ప్రశ్నకు కాశ్యపసంహిత సమాధానము చెప్పినది. సంవత్సరము నిండినను పాదములతో నడవని శిశువును అది 'ఫక్కుడు' అన్నది. కారణములు మూడు. తల్లిపాల దోషము వలన కలుగునది క్షీరజము. తల్లి మరల గర్భవతి యగుటచేత పాలు తరిగి, బిడ్డ కృశించగా కలుగునది గర్భజము. జ్వరాది రోగములచేత మాంసము క్షీణించగా కలుగునది వ్యాధిజము. తొడలు, భుజములు సన్నబడి, ఉదరము, శిరస్సు పెద్దవిగా కనిపించుచు, చేతులు మోకాళ్ళపై ప్రాకే బిడ్డ రూపము అక్కడ వర్ణింపబడినది. నేటి వైద్యులు అందులో పోషకాహారలోపము, ఎముకల మెత్తదనము వంటి అనేక స్థితుల ఛాయలను చూచుచున్నారు.

చికిత్సగా ఔషధసిద్ధమైన నేయి, పాలు, తైలాభ్యంగము చెప్పి, అటుపైన శిల్పిచేత మూడు చక్రముల రథమును చేయించి, దానిని పట్టుకొని బిడ్డ మెల్లమెల్లగా నడక అభ్యసించునట్లు చేయవలెనని సంహిత ఆదేశించినది. ఆహారము, ఔషధము, అభ్యాసము – ఈ మూడును కలిసినదే చికిత్స. ఆ బిడ్డ స్థితిని పూర్వకర్మ ఫలమని చెప్పి చేతులు ముడుచుకొనుమని అక్కడ చెప్పబడలేదు. వైద్యునితో పాటు వడ్రంగిని కూడా పిలువుమని చెప్పబడినది.

ఈ గ్రంథము చరిత్రయు విచిత్రమైనది. కాశ్యపుని ఉపదేశమును సంక్షేపించినవాడు ఋచీకుని కుమారుడైన జీవకుడు. అతనికి అప్పుడు ఐదేండ్లు. బాలుని మాటలని మునులు దానిని ఆదరింపలేదు. అంతట అతడు కనఖలమున గంగలో మునిగి, ముహూర్తమాత్రములో ముడుతలతోను, నెరసిన జుట్టుతోను పైకి వచ్చాడు. నాటి నుండి వృద్ధజీవకుడయ్యాడని సంహితయే చెప్పుచున్నది. శిశువైద్యమును బోధించు గ్రంథము శైశవమును, వార్ధక్యమును ఒకే దేహములో చూపి తన కథను చెప్పుకొనుట అర్థవంతము. తరువాతి కాలమున వాత్స్యుడు దానిని సంస్కరించాడు. కాలగర్భములో కలిసిన ఈ గ్రంథము శిథిలమైన తాళపత్రప్రతిగా నేపాళమున లభించగా, పండిత హేమరాజశర్మ విస్తృతమైన ఉపోద్ఘాతముతో 1938లో బొంబాయి నిర్ణయసాగర ముద్రణాలయము ద్వారా వెలుగు చూచినది. అనేక పత్రములు నేటికీ లుప్తములే.

సంవత్సరమన్న అవధిని చూచి తల్లిదండ్రులు భయపడనక్కరలేదు. భారతదేశముతో సహా ఐదు దేశముల శిశువులను పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము ఆధారము లేక నడచుట 8.2 మాసముల నుండి 17.6 మాసముల లోపల ఎప్పుడైనను కలుగవచ్చును. ఆధారము లేక కూర్చుండుట 3.8 నుండి 9.2 మాసముల లోపల. అనగా ప్రాచీనులు చెప్పిన అవధి సగటుకు సమీపమున ఉన్నది. అది దాటినంతమాత్రమున బిడ్డ రోగి కాడు. ఆ పైఅవధియు దాటినచో మాత్రము ఆలస్యము చేయక వైద్యునికి చూపుట ధర్మము.

వృద్ధి, యౌవనము, సంపూర్ణత

సుశ్రుతుడు వయస్సును బాల్య, మధ్య, వార్ధక్యములుగా విభజించాడు. పదహారేండ్లలోపు బాల్యము. అందులో ఏడాది వరకు క్షీరపుడు, రెండేండ్ల వరకు క్షీరాన్నాదుడు, ఆపైన అన్నాదుడు. మధ్యవయస్సులో ఇరవై వరకు వృద్ధి, ముప్పది వరకు యౌవనము, నలుబది వరకు సర్వధాతు సంపూర్ణత. తరువాత డెబ్బది వరకు ఈషత్పరిహాణి, అనగా కొద్దికొద్దిగా తగ్గుట. చరకుడు ముప్పది వరకు బాల్యమే అన్నాడు. పదహారు దాటిన తరువాత ధాతువులు పెరుగుచున్నను మనస్సు ఇంకను అస్థిరమని ఆయన భావము. ఎముకల పొడవు పెరుగుట కౌమారాంతమున ఆగినను, కంఠము క్రిందనున్న జత్రుకాస్థి కొన పూర్తిగా అతుకుకొనుట ఇరవైల మధ్యభాగమున జరుగునని నేటి శరీరశాస్త్రము చెప్పుచున్నది. దేహము పెరుగుట ఒక్క రోజున ఆగునది కాదు.

అస్థుల సంఖ్యయందు కూడా చర్చ కలదు. చరకుడు 360 అన్నాడు, సుశ్రుతుడు 300 అన్నాడు. నేటి లెక్క 206. సుశ్రుతుడు దంతములను, తరుణాస్థులను, అనగా మృదువైన అస్థులను, కూడా లెక్కలో చేర్చాడు. హోర్న్లే పండితుడు 1907లో ఈ విషయముపై ఒక గ్రంథమునే ప్రకటించాడు.

పూర్ణముగా ఎదిగిన దేహమే యజ్ఞమునకు కొలమానము. శుల్బసూత్రములలో 'పురుష' అన్నది 120 అంగుళముల కొలత. చేతులు పైకెత్తి నిలిచిన యజమానుని పొడవుతో అది ముడిపడి ఉన్నది. అగ్నిచయనమున వేదిక వైశాల్యము ఏడున్నర చదరపు పురుషలు. సుశ్రుతసంహిత మానవుని పరిమాణముగా చెప్పినదీ 120 అంగుళములే. చరకుడు చెప్పినది 84. చేతులెత్తి కొలిచిన కొలత మొదటిదని వ్యాఖ్యాతలు సమన్వయించారు.

జర – కదలిక తగ్గు కాలము

బాల్యమున కఫము, మధ్యవయస్సున పిత్తము, వార్ధక్యమున వాయువు అధికమని ఆయుర్వేదసిద్ధాంతము. సమస్తచేష్టలకు ప్రవర్తకుడు వాయువే. కదలికను ఇచ్చినవాడే చివరకు కీళ్ళను ఎండించి కదలికను తగ్గించును. శార్ఙ్గధరుడు పదేసి సంవత్సరములకు ఒక్కొక్కటి తగ్గుచు పోవునని చెప్పి, బాల్యముతో మొదలిడి వృద్ధి, ఛవి, మేధ, చర్మము, దృష్టి మొదలగువానిని వరుసగా చెప్పుచు జీవితముతో ముగించాడు.

అయితే శాస్త్రము అక్కడ ఆగలేదు. వ్యాయామము చేయువానిని జర హఠాత్తుగా ఆక్రమింపజాలదని సుశ్రుతుడు స్పష్టముగా చెప్పాడు. వయస్సు, బలము, దేశము, కాలము, ఆహారము చూచుకొని, తన శక్తిలో సగము మేరకే చేయవలెనని హద్దు కూడా పెట్టాడు. వానప్రస్థమునకు మనువు చెప్పిన లక్షణము కూడా సంవత్సరసంఖ్య కాదు: ముడుతలు, నెరసిన జుట్టు, మనుమని ముఖము. అరువదింట షష్టిపూర్తి, డెబ్బదింట భీమరథశాంతి, సుమారు ఎనుబది సంవత్సరముల పది మాసములకు సహస్రచంద్రదర్శనము. ఇవి కూడా అన్నప్రాశనము వలెనే దేహము దాటిన గడపలకు చేయు సంస్కారములు.

ధర్మము

నేడు బిడ్డ మొదటి అడుగుకు అరిసెలు వండు ఇంటిలోనే, అడుగు తడబడిన పెద్దలను ఒక మూల కుర్చీకి పరిమితము చేయుట కనిపించుచున్నది. పడిపోవుదురేమోనన్న ప్రేమయే అందుకు కారణము కావచ్చును. కాని కదలిక మానిన దేహము మరింత త్వరగా బలము కోల్పోవును. ప్రాచీనులు నడవలేని బిడ్డను కూర్చుండబెట్టి ఊరకుండలేదు, పట్టుకొనుటకు రథము చేయించి ఇచ్చారు. వృద్ధునికీ అదే న్యాయము. పట్టుకొనుటకు ఒక కర్ర, ఒక చేయి, ఉదయమున శక్తికి తగిన నాలుగు ప్రదక్షిణములు, వైద్యుని సలహా – ఇవియే ఆయనకు ఫక్కరథము. ఆ రథమును సమకూర్చుట సంతానము యొక్క ఋణము. ఒకనాడు తమ చేయి పట్టి నడిపించినవారికి అది తీర్చవలసిన ఋణము.

శుభం భూయాత్.