బర్మా విడిపోయిన నాడు కోనసీమ

1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. ఆ రోజు అమలాపురం తాలూకాలో మారిందేమీ లేదు. ముక్తేశ్వరం రేవులో పడవెక్కి గౌతమి దాటినవాడు ఎప్పటిలాగే కోటిపల్లిలో రైలెక్కి కాకినాడ చేరగలిగాడు. కాకినాడ దగ్గర సముద్రానికి లోతు తక్కువ. బర్మా పోయే స్టీమర్లు ఒడ్డుకు కొన్ని మైళ్ల అవతలే లంగరు వేసేవి. మనుషుల్నీ బస్తాల్నీ పడవల మీద అంతదూరం చేర్చాలి. పైన ఎండ, కింద బొగ్గు మసి, మధ్యలో ఓ గోనెసంచి మూట, అదీ డెక్కు ప్రయాణం. అన్నాళ్లూ ఒకే దేశంలో ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పోయినట్టు పోయిన కూలీ, ఆ తేదీ నుంచి పరాయి దేశం పోతున్నట్టు లెక్క. ఆ సంగతి అతనికి చెప్పినవాళ్లు తక్కువ.

బర్మాను ఇంగ్లీషువాళ్లు మూడు యుద్ధాల్లో, 1824 నుంచి 1885 లోపు, ముక్కలు ముక్కలుగా లాక్కున్నారు. 1886 నుంచి అది మొత్తంగా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. రూపాయి ఒకటే, సుంకాల పట్టీ ఒకటే, రేవుకూ రేవుకూ మధ్య సరుకుకు గానీ మనిషికి గానీ అడ్డు లేదు. ఈ కాలపు మాటల్లో చెప్పాలంటే అదొక ఆర్థిక సంఘం, కాకపోతే సభ్యుల్ని అడిగి కట్టింది కాదు. దాని ఆసరాతోనే ఐరావతి డెల్టా అడవి కొట్టి వరిపొలంగా మారింది. తమిళ చెట్టియార్ల అప్పు, బర్మా రైతు చాకిరీ, తెలుగు కూలీ భుజం, బ్రిటిష్ కంపెనీల ఓడ కలిసి రంగూన్‌ను ప్రపంచంలోకెల్లా పెద్ద బియ్యపు రేవుల్లో ఒకటిగా నిలబెట్టాయి.

మన వైపు నుంచి పోయే సరుకుల్లో గోదావరి లంక పొగాకుకు మంచి పేరు. వరద తీశాక మిగిలే మెత్తని ఒండ్రులో పెరిగిన ఆకు బర్మా చుట్టల కోసం ఓడలెక్కేది. అటు నుంచి ఇటు వచ్చేవి టేకు, కిరసనాయిలు, అన్నిటికంటే మిన్నగా బియ్యం. కోనసీమకు రంగం (రంగూన్) అంటే ఇంతే కాదు. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు 10 లక్షల పైచిలుకు. వారిలో తెలుగువాళ్లు లక్షన్నరకు తక్కువ కారు. నాలుగు లక్షల రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసేది, బియ్యపు మిల్లుల్లో పనిచేసేది, రిక్షా లాగేది ఎక్కువగా విశాఖ, గోదావరి, గంజాం జిల్లాల మనుషులు. పాతకాలంలో తెలుగువాళ్లు ఓడలెక్కిన కోరంగి రేవు ఎప్పుడో పూడిపోయినా బర్మావాళ్లు మాత్రం తెలుగువాణ్ణి కోరంగీ అనే పిలిచారు.

పోయినవాళ్లు ఎవరు? భూమి ఉన్నవాళ్లు కారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యింది, గన్నవరం అక్విడక్టు మీదుగా కాలువ నీరు వైనతేయ దాటింది, కోనసీమ పచ్చబడింది. ఆ పచ్చదనంలో వాటా భూమిని బట్టే వచ్చింది. దళిత పేటల్లో, వెనుకబడిన కులాల ఇళ్లలో పాలేరుతనమే బతుకు. తీసుకున్న అప్పు తీరేదాకా, తీరినా మరో అప్పు కోసం, ఏడాదికేడాది అదే కామందు దగ్గర. రంగం ఆ కట్టు తెంపుకునే దారి అయ్యింది. అక్కడా మేస్త్రి ఉన్నాడు. ఓడ ఖర్చుకు, ఇంట్లో దించి పోయే డబ్బుకు అతనే అడ్వాన్సు ఇచ్చేవాడు. జీతం కంపెనీ నుంచి అతని చేతికి, అతని చేతి నుంచి కోతలు పోగా కూలీ చేతికి వచ్చేది. రంగూన్‌లో కార్మికుల పక్షాన నిలిచిన ఎ. నారాయణరావు ఈ కాంట్రాక్టు పద్ధతి మీద పుస్తకమే రాశారు. గదికి పట్టనంత మంది వంతులవారీగా నిద్రపోయే బసలు, పొగచూరిన పొయ్యిలు, మిల్లుల దుమ్ము ఎవరికీ తెలియనివి కావు. అయినా పోయారు. ఇక్కడి కామందు దగ్గర దొరకని ఒక్కటి అక్కడ దొరికింది: చేతిలో రొక్కం. అందుకే రంగం కథను కేవలం దోపిడీ కథగా చెప్పి ఊరుకోవడం నాకు సరిపోదనిపిస్తుంది.

1930లో ధాన్యం ధరలు పడిపోయాయి. మూడు నాలుగేళ్లలో దాదాపు సగానికి దిగాయి. కిస్తు మాత్రం పాతదే, అప్పూ పాతదే. అమలాపురం రైతు తన గింజకు పోటీ ఎవరని చూస్తే కనిపించింది బర్మా బియ్యం. మద్రాసులో, మలబారులో అది చవగ్గా దిగేది. దాన్ని ఆపమని మద్రాసు రాష్ట్రం నుంచి గట్టిగా గొంతులు లేచాయి. 1935లో కేంద్ర ప్రభుత్వం విదేశీ నూకల మీద మణుగుకు 12 అణాల సుంకం వేసింది. అది సయాం, ఇండోచైనా సరుకుకే తగిలింది. బర్మా అప్పటికింకా ఇండియాలో భాగం. సొంత రాష్ట్రం సరుకు మీద సుంకం ఎలా వేస్తారు?

కాబట్టి బర్మా విడిపోతే మంచిదేనన్న ఆశ గోదావరి రైతుకు కొంత కలిగి ఉంటే తప్పు పట్టలేం. విడిపోతే సుంకం వేయొచ్చు, గింజకు ధర రావచ్చు. కానీ అదే రైతు పొలంలో కోతలు కోసే మనిషి తమ్ముడు రంగూన్ రేవులో ఉన్నాడు. ఆ కుటుంబానికి బర్మా విడిపోవడమంటే రొక్కం వచ్చే దారి మూసుకుపోవడం. ఒకే ఊళ్లో, ఒకే చేను గట్టు మీద, ఒకడికి గోడ కావాలి, రెండోవాడికి తలుపు తెరిచి ఉండాలి. ఆ రోజుల్లో ఓటు ఆస్తిని బట్టి, పన్నును బట్టి, చదువును బట్టి. చట్టసభలో ఎవరి మాట వినబడిందో వేరే చెప్పక్కర్లేదు.

అటు బర్మాలో విడిపోవాలన్న వాదన వెనుక డబ్బు లెక్క ఉంది. ఇండియా మిల్లు బట్టకూ ఉక్కుకూ రక్షణ ఇవ్వడానికి వేసిన సుంకాల భారం బర్మా కొనుగోలుదారు మోస్తున్నాడనీ, మా ఆదాయం ఢిల్లీ ఖజానాకు పోతోందనీ వాళ్ల ఫిర్యాదు. అది పోగా భయం ఉంది: మాంద్యంలో తాకట్లు మునిగి దిగువ బర్మా ప్రధాన వరి జిల్లాల్లో నాలుగో వంతు భూమి చెట్టియార్ల పాలయ్యింది. అప్పులవాడు తమిళుడు, కూలీ తెలుగువాడు. బర్మా రైతు కళ్లకు ఇద్దరూ ఒకటే ఓడ దిగినవాళ్లు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు; కంపెనీలు బర్మీయుల్ని పనిలో పెట్టుకుని, సమ్మె సద్దుమణగగానే వాళ్లను పంపేశాయి. మే 26న మొదలైన కొట్లాటల్లో వందకు పైగా ప్రాణాలు పోయాయి. చనిపోయినవాళ్లలో అత్యధికులు మనవాళ్లే. గొడవ పెట్టినది రెండు వైపుల కూలీలని అధికారులు రాసుకున్నారు. ఇద్దర్నీ ఒకరి మీదికొకర్ని తోసిన లెక్క మాత్రం కంపెనీలది.

సైమన్ కమిషన్ బర్మాను వేరు చేయాలని సిఫారసు చేసింది. 1931 నవంబరు నుంచి 1932 జనవరి వరకు లండన్‌లో బర్మా రౌండ్ టేబుల్ సమావేశం జరిగింది. అక్కడ భారతీయుల తరఫున ప్రధానంగా వినిపించింది వ్యాపార వర్గాల మాట. 1932 నవంబరులో బర్మాలో విభజన మీదే ఎన్నిక పెడితే గెలిచింది విడిపోవద్దన్న పక్షం. అలాగని వాళ్లకు ఇండియా మీద మమకారమేమీ లేదు. విడదీస్తే ఇండియాకు దొరికే రాజ్యాంగ హక్కులు తమకు దక్కవేమోనన్న అనుమానం. ఇష్టమైనప్పుడు బయటికి పోయే హక్కు ఇస్తేనే భారత సమాఖ్యలో ఉంటామన్నారు. అలాంటి తలుపు ఉండదని లండన్ చెప్పింది. ఆ ఏడాది డిసెంబరులో బర్మా శాసనమండలి విభజన షరతులూ వద్దు, షరతుల్లేని సమాఖ్యా వద్దు అని తీర్మానించింది. జనం తీర్పు ఇంత మెలిక తిరిగితే పాలకులకు కావలసింది చేసుకునే చోటు దొరుకుతుంది. 1935 చట్టంతో విడదీశారు. విభజన వద్దని గెలిచిన నాయకుల్లో ముందువరసలో ఉన్న డాక్టర్ బా మా, విడిపోయిన బర్మాకు మొదటి ప్రధానమంత్రి అయ్యారు! రాజకీయాల్లో ఇలాంటి మలుపులకు నవ్వుకోవాలో, అర్థం చేసుకోవాలో ఒక్కోసారి తెలియదు.

విడిపోయిన రోజున ఏదీ మారకపోవడానికి కారణం రెండు ఆర్డర్లు. వ్యాపారం, వలస రెండూ కనీసం మూడేళ్లు పాత పద్ధతిలోనే సాగాలనీ, ఆపదలిస్తే ఏడాది ముందు నోటీసు ఇవ్వాలనీ 1937లో రాశారు. 2020 జనవరి 31న బ్రిటన్ యూరోపియన్ యూనియన్ వదిలాక డిసెంబరు చివరి దాకా పాత సుంకాలే నడిచిన సంగతి మనకు తెలుసు. బ్రిటన్ తన కోసం పదకొండు నెలలు పెట్టుకున్న ఆ వెసులుబాటును అంతకు ఎనభై ఏళ్ల ముందే బర్మాకు మూడేళ్లు ఇచ్చింది. ఉమ్మడి అప్పులోనూ వాటా తేల్చారు. ఎమెరీ అధ్యక్షతన ఏర్పడ్డ ట్రిబ్యునల్ లెక్కల మీద బర్మా ఇండియాకు సుమారు 50 కోట్ల రూపాయలు వాయిదాల మీద కట్టాలని నిర్ణయమయ్యింది. అప్పు వాటా పైసలతో సహా తేలింది. కూలీ హక్కు ఏమిటన్నది మూడేళ్లకు వాయిదా పడింది.

ఆ మూడేళ్లలో చాలాకాలం మద్రాసులో కాంగ్రెస్ ప్రభుత్వం ఉంది. రాజాజీ ప్రధాని, ప్రకాశం పంతులు రెవెన్యూ మంత్రి, వి.వి. గిరి కార్మిక మంత్రి, కాకినాడ మనిషి బులుసు సాంబమూర్తి స్పీకరు. తెలుగు నాయకులు అధికారంలో గట్టిగానే కూర్చున్న సమయం అది. కానీ విదేశ వలస ఢిల్లీ వ్యవహారం. రాష్ట్రం చేతిలో ఉన్నది తక్కువ. నెహ్రూ 1937 మేలో బర్మా వెళ్లివచ్చారు. బర్మీయులు విడిపోవాలనుకుంటే అది వాళ్ల హక్కు అన్నది కాంగ్రెస్ సూత్రం, మంచి సూత్రమే. కానీ విడిపోయాక అక్కడి కూలీ ఏమవుతాడన్న ప్రశ్నకు ఆ సూత్రంలో సమాధానం లేదు. జమీందారీ రద్దు మీద ప్రకాశం పెట్టిన పట్టుదలలో కాస్తంత ఈ ప్రశ్న మీద ఎవరైనా పెట్టి ఉంటే, అనిపిస్తుంది.

1938 జూలైలో రంగూన్‌లో మళ్లీ అల్లర్లు. ఈసారి గురి ప్రధానంగా ముస్లింల మీద, అయినా భయం భారతీయులందరిదీ. వలసల మీద విచారణకు జేమ్స్ బాక్స్టర్‌ను నియమించారు. 1940లో ఆయన తేల్చింది ఆనాటి నాయకులకు రుచించేది కాదు: భారతీయ కూలీ బర్మీయుడి పనిని లాక్కున్న దాఖలా కనబడలేదు, చాలావరకు బర్మీయుడు చేయని పనే చేశాడు. ఈ మాట నివేదికలోనే ఉండిపోయింది. బర్మా ప్రభుత్వం వ్యాపార ఆర్డరుకు నోటీసు ఇచ్చింది. 1941 ఏప్రిల్‌లో కొత్త ఒప్పందం వచ్చింది: భారత సరుకు మీద సుంకం వేసుకునే వీలు బర్మాకు, సామ్రాజ్యం బయటి సరుకు కంటే కాస్త రాయితీ ఇండియాకు.

సరుకు గతి అలా తేలాక మనిషి వంతు. ప్రధాని ఊ సా ప్రభుత్వంతో వైస్రాయి కౌన్సిల్ సభ్యుడు గిరిజాశంకర్ బాజ్‌పాయ్ చేసుకున్న వలస ఒప్పందం 1941 జూలైలో బయటపడింది. పర్మిట్లు, ఫీజులు, అక్షరజ్ఞాన పరీక్ష. నైపుణ్యం లేని కూలీ రాక వెంటనే ఆగిపోయింది. గాంధీ గట్టిగా తప్పుపట్టారు. చేతిలో వేలిముద్ర తప్ప మరో సంతకం లేని రాజోలు కూలీకి అక్షరజ్ఞాన పరీక్ష అంటే తలుపు వేసినట్టే. ఇటు కోటిపల్లి రైలు పట్టాలు యుద్ధం ఉక్కు కోసమని 1940లోనే పీకేశారు.

ఒప్పందం పూర్తిగా అమలయ్యేలోపే యుద్ధం దాన్ని మింగింది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఓడ దొరకనివాళ్లు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచారు. లక్షల మంది బయలుదేరారు, వేలమంది దారిలో రాలిపోయారు. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి. ఒడ్డు చేరినవాళ్లు మళ్లీ పాలేరుతనం వెతుక్కోవలసి వచ్చింది.

రైతు కోరుకున్నది మాత్రం అక్షరాలా జరిగింది. బర్మా బియ్యం గింజ కూడా రాలేదు. బెంగాల్‌లో కరువు, తిరువాన్కూరులో ఆకలి. గోదావరి ధాన్యానికి ఎన్నడూ లేని గిరాకీ. అయితే ధర రైతు చేతికి రాలేదు. కంట్రోలు రేటు వచ్చింది, లెవీ వచ్చింది, ఊరి నుంచి ధాన్యం బయటికి పోవాలంటే పర్మిట్ వచ్చింది. గోడ కట్టమన్నవాళ్లకు గోడ దొరికింది, గేటు తాళం మాత్రం ప్రభుత్వం దగ్గర ఉండిపోయింది.

1948లో బర్మా స్వతంత్రమయ్యింది. 1962 తర్వాత నే విన్ సైనిక ప్రభుత్వం వ్యాపారాల్ని జాతీయం చేశాక మిగిలిన తెలుగువాళ్లూ ఓడలెక్కి వెనక్కి వచ్చారు, ఈసారి పునరావాస శిబిరాలకు. ఈ రెంటికీ మధ్య, 1954లో, రెండు స్వతంత్ర ప్రభుత్వాలు కూర్చుని పాత లెక్క తేల్చుకున్నాయి. ఇండియా బర్మా నుంచి 9 లక్షల టన్నుల బియ్యం కొనడానికి ఒప్పుకుంది. విభజన నాటి అప్పు కూడా అదే సందర్భంలో సర్దుబాటయ్యింది. అదే ఏడాది ఇక్కడ బియ్యం మీద కంట్రోళ్లు ఎత్తేశారు, ధరలు జారాయి. ఏడాది కిందటే పుట్టిన ఆంధ్ర రాష్ట్రంలో, కొత్తపేట రైతు మళ్లీ బర్మా బియ్యం గురించి వినాల్సి వచ్చింది. ఇప్పుడది చట్టరీత్యా విదేశీ సరుకు, సుంకం వేయడానికి అడ్డేమీ లేదు. కానీ కొంటున్నది ఢిల్లీ ప్రభుత్వమే.