మోంజా విజయోత్సవము

ఇటలీ దేశమున మిలాన్ నగరమునకు ఈశాన్యముగా, పూర్వము రాజకుటుంబీకులు విహరించిన విశాలోద్యానములో, మోంజా పందెపుబాట 1922వ సంవత్సరమున కేవలము 110 దినములలో నిర్మింపబడెను. నాటినుండి కొలది సంవత్సరములు మినహా ఇటలీ కార్ల మహాపందెము అక్కడనే జరుగుచున్నది. గెలిచిన కార్ల పేర్లును, వాని వేగములును చరిత్రకెక్కినవి. అయితే ఫలితము తేలినంతనే కంచెలు దాటి బాటపైకి వెల్లువవలె వచ్చు జనసమూహపు చరిత్రము కూడ వానితో సమానముగ స్మరింపదగినదని నా దృఢవిశ్వాసము.

ఈ జనుల అభిమానము చోదకునిపై కాక ఇటలీ వారి ఫెరారీ కారుపై నిలిచినది. 1975లో స్విట్జర్లాండు వాడైన రెగజోనీ, 1979లో దక్షిణాఫ్రికా వాడైన షెక్టర్ ఫెరారీ నడిపి మోంజాలో గెలువగా, వారిని తమ ఇంటి బిడ్డలుగనే ఎంచిరి. 1983లో ఇమోలా పందెమున, స్వదేశీయుడే యైన పత్రేసే బ్రాభమ్ కారుతో ముందుండి బాట తప్పిపోగా, ఫ్రాన్సు వాడైన తాంబే ఫెరారీ అగ్రస్థానమునకు వచ్చెనని హర్షధ్వానములు చేసిరి. ఆ కార్లు పుట్టిన మరనెల్లోలోనైతే ఫెరారీ గెలిచినప్పుడెల్ల చర్చి గంటలు మ్రోగించుట ఆచారమైనది.

విజయమున్నను ఉత్సవము లేని దినమును మోంజా చూచినది. 1961 సెప్టెంబరు 10న ఫెరారీ చోదకుడు ఫాన్ ట్రిప్స్ కారు ప్రేక్షకులపైకి ఎగిరి, అతనితోపాటు పదిమందికి పైగా ప్రేక్షకులు మరణించిరి. సహచరుడైన ఫిల్ హిల్ ఆ పందెమును, ప్రపంచ విజేత బిరుదమును ఒకేసారి గెలిచెను గాని ఆనందించువారెవ్వరు? ఆ ఏటి కడపటి పందెమునకు ఫెరారీ వారు కార్లను పంపనే లేదు.

1988 ఆగస్టు 14న, తొంబదియేండ్ల వయస్సున, ఆ కార్ల నిర్మాత ఎంజో ఫెరారీ కన్నుమూసెను. నెల తిరుగకుండగనే, సెప్టెంబరు 11న, మోంజాలో పందెము జరిగినది. అంతవరకు ఆ ఏటి 11 పందెములను మెక్లారెన్ కార్లే గెలిచియుండుటచే ఫెరారీపై ఆశ పెట్టుకొనుటకు హేతువు లేకుండెను. మెక్లారెన్ చోదకులలో ప్రోస్ట్ యంత్రము చెడి మధ్యలోనే ఆగిపోయెను. సెన్నా మాత్రము ముందుండి సాగుచు, 51 చుట్లలో రెండే మిగిలియుండగా, వెనుకబడిన ష్లెసర్ కారును దాటబోయి దానిని ఢీకొని నిలిచిపోయెను. వెంటనే ఆస్ట్రియా వాడైన బెర్గర్, మిలాన్‌లో పుట్టిన అల్బొరేతో, అర సెకను ఎడముతో రెండు ఎఱ్ఱని ఫెరారీ కార్లను గమ్యము చేర్చిరి.

ఇది యాదృచ్ఛిక విజయమనుట సత్యమే. ఆ ఏటి 16 పందెములలో తక్కిన 15ను మెక్లారెన్ గెలుచుటయే అందుకు నిదర్శనము. అయినను, నల్లగుఱ్ఱపు చిహ్నము గల జెండాల నెత్తుకొని విజయవేదిక క్రింద గుమిగూడిన జనుల ఆనందమును భ్రమయని తీసివేయుట అన్యాయము. వారు కొనియాడినది నాటి వేగాధిక్యమును కాదు. తమ తండ్రుల కాలమునుండి తమకు గర్వకారణమైన కార్లను నిర్మించి, అప్పుడే వెడలిపోయిన ఒక వృద్ధుని. పందెపు పట్టికలో బెర్గర్ పేరు ఒక పంక్తియే గాని, దానిని ఎంజోకు శ్రద్ధాంజలిగ మార్చినవారు ఆ అభిమానులే. కావుననే వారి కేరింతలను కూడ ఆ ఫలితములో భాగముగనే చరిత్రకారుడు లెక్కింపవలెను.