ఆకుపచ్చ కళ్లద్దాల కథ

పిల్లల పుస్తకంలో చరిత్రను వెతకడం కొందరికి వృథా ప్రయాసగా తోచవచ్చును. కాని ఒకే కథను వేరువేరు కాలాలు ఎలా తిరగరాసుకొన్నవో గమనిస్తే, ఏ కాలం దేనిని చూడదలచుకోలేదో బయటపడుతుంది. లైమన్ ఫ్రాంక్ బామ్ 1900లో అమెరికాలో ప్రచురించిన ‘ది వండర్‌ఫుల్ విజర్డ్ ఆఫ్ ఓజ్’ ఇందుకు మంచి తార్కాణం.

కాన్సాస్ మెట్టప్రాంతపు పేదరైతు ఇంట పెరిగే డోరతీ సుడిగాలికి కొట్టుకుపోయి ఓజ్ దేశంలో పడుతుంది. దిష్టిబొమ్మతో, రేకు మనిషితో, పిరికి సింహంతో కలిసి మాంత్రికుని వెతుక్కుంటూ మరకత నగరం చేరుతుంది. ద్వారపాలకుడు అందరికీ ఆకుపచ్చ కళ్లద్దాలు తొడిగి తాళం వేస్తాడు. లేకుంటే నగరకాంతికి కళ్లు పోతాయట! తాళంచెవి అతని మెడలోనే వుంటుంది. తీరా చూస్తే మాంత్రికుడు దారితప్పి వచ్చిన బెలూన్ గారడీవాడు. తన నగరం మిగతా నగరాలకన్న పచ్చనిదేమీ కాదని అతడే ఒప్పుకొంటాడు. ప్రభుత్వం ప్రజలకు చూపునే తొడగగలదని ఇంత సులువుగా చెప్పిన పుటలు పెద్దల నవలలలో కూడా అరుదు.

హెన్రీ లిటిల్‌ఫీల్డ్ అనే ఉపాధ్యాయుడు 1964లో ఈ కథను 1890ల రైతు ఉద్యమానికి రూపకంగా వ్యాఖ్యానించాడు. వెండి చెప్పులు వెండి నాణెమట, పసుపు ఇటుకల బాట బంగారమట. బామ్ ఉద్దేశం అదేనని చెప్పలేమని తరువాత ఆయనే అంగీకరించాడు. వ్యాఖ్యానం చక్కనిదే, కాని కళ్లద్దాలకు అంత వ్యాఖ్యానం అక్కరలేదు.

1939 నాటి హాలీవుడ్ చిత్రంలో వెండి చెప్పులు టెక్నికలర్ కోసం కెంపులైనవి. కళ్లద్దాలు మాయమైనవి, నగరం నిజంగానే ఆకుపచ్చనైనది. బామ్ కథలో ఒంటికన్ను మంత్రగత్తెకు లేని ఆకుపచ్చ చర్మం ఇక్కడ వచ్చింది. ఓజ్ అంతా కలగా తేలిపోయింది. మోసం నగరంలోనుంచి తొలగి ఒక ఆడదాని ఒంటి రంగుగా మారిందన్నమాట! ఆ పాటలు రాసిన యిప్ హార్‌బర్గ్ ఆర్థికమాంద్యంలో, 1932లో, నిరుద్యోగి గోడును పాటగా కట్టినవాడు. వామపక్షాభిమాని అని 1950లలో హాలీవుడ్ అతన్ని వెలివేసింది. అంతటివాడున్నా కళ్లద్దాలు నిలవలేదు.

అదే 1939లో మాస్కోలో గణితం బోధించే అలెగ్జాండర్ వోల్కొవ్ ఈ కథను ‘మరకత నగరపు మాంత్రికుడు’గా రష్యన్‌లో తిరిగి చెప్పాడు. కళ్లద్దాలు, వెండి చెప్పులు నిలిపాడు. ఇది చూసి మనం మరీ సంబరపడనక్కరలేదు. మొదటి కూర్పులో అనాథయైన ఎల్లీకి 1959 కూర్పులో తల్లిదండ్రులను ఇచ్చాడు. కథ మెత్తబడింది.

నల్లజాతి నటులతో 1975లో బ్రాడ్వే కెక్కిన ‘ది విజ్’ 1978లో సినిమాగా వచ్చింది. అందులో నగరం న్యూయార్కు. పైనుంచి ఆజ్ఞ వచ్చినప్పుడల్లా జనం ఆకుపచ్చ నుంచి ఎరుపుకు, ఎరుపు నుంచి బంగారు వన్నెకు దుస్తులు మారుస్తారు. కళ్లద్దాలు లేకున్నా వాటి అర్థం తిరిగివచ్చిన చిత్రం ఇదేనని నా అభిప్రాయం.

గ్రెగరీ మెగ్వైర్ 1995 నవల ‘వికెడ్’, దాని 2003 సంగీత నాటకం, 2024, 2025లలో వచ్చిన చిత్రాలు ఆకుపచ్చ చర్మాన్నే వెలికి గుర్తుగా తీసుకొన్నవి. మంత్రగత్తె నాయిక అయింది, మాంత్రికుడు నియంత. మా విద్యార్థులకు తెలిసిన ఓజ్ ఇదే.

ఇక బామ్ సంగతి. దక్షిణ డకోటాలో పత్రిక నడిపే రోజులలో, 1890 డిసెంబరులోను 1891 జనవరిలోను, ఆదివాసులను సమూలంగా నిర్మూలించాలని రెండు సంపాదకీయాలు రాసినవాడు ఆయనే. ఆ రెంటి నడుమనే వూండెడ్ నీ వద్ద సైన్యం లకోటా ప్రజలను ఊచకోత కోసింది. 2006లో ఆయన వంశీకులు లకోటా ప్రజలకు క్షమాపణ చెప్పారు. అంతమాత్రాన పుస్తకాన్ని గిరాటు వేయాలనే వాదం నాకు నచ్చదు. రచయితను వదిలేసి కథను మెచ్చుకోవడమూ నచ్చదు.

ఒకప్పుడు అడవిలో స్వేచ్ఛగా బతికి, బంగారు టోపీ ఎవరి చేత వుంటే వారికి బానిసలైన రెక్కల కోతులు తమ చరిత్ర తామే చెప్పుకొనే అధ్యాయం ఒకటి ఈ నవలలో వున్నది. 1939 చిత్రంలో ఆ చరిత్ర లేదు, భయపెట్టే కోతులే మిగిలినవి. తరగతిలో ఆ అధ్యాయం చదివించిన రోజే ఆ రెండు సంపాదకీయాలను కూడా చదివిస్తాను.