నడుము నొప్పియు భీమా పద్దులును

నడుము నొప్పి ఎరుగని రైతు లేడు. వంగి నాట్లు వేసినవారికి, బస్తాలు మోసినవారికి, కవిలెకట్టల ముందు కూర్చుండి లెక్కలు వ్రాసిన కరణములకు సైతము అది చుట్టమే. కాపడము పెట్టుకొని, ఆముదము రాచుకొని, నాలుగు దినములు కాయమును కనిపెట్టుకొని యున్నచో నెల తిరుగునప్పటికి చాలమంది మరల పనిలోనికి దిగుదురు. కొందరికి మాత్రము అది ఏండ్ల తరబడి వెన్నంటి యుండును. అట్టివారికి ఏమి చేయవలెనను ప్రశ్న ఏ దేశమున నైనను ఒక్కటే. నల్లమందు నొప్పిని అణచుననియు, అలవాటైనవానిని అది సులువుగా విడువదనియు మీవంటి పెద్దలకు నేను చెప్పనక్కరలేదు.

నేను చెప్పదలచినది అమెరికా సంయుక్త రాష్ట్రములలో వాయవ్య మూలనున్న వాషింగ్టను రాష్ట్రపు కథ. ఆ దేశపు రాజధానికిని ఇదే పేరు కలదు గాని అది తూర్పున నున్నది. దానితో మనకు పని లేదు. తీరని నొప్పికి ఒక మంచి చికిత్స ఈ రాష్ట్రముననే పెంపొందినది. తరువాత అది మూలబడి, దాని చోటికి మాత్రలు వచ్చినవి. ఆ మాత్రలవలన కలిగిన చావులను మొదట లెక్కగట్టినవారిలోను ఈ రాష్ట్రమువారున్నారు. వైద్యుల జ్ఞానము మారినందున ఇదంతయు జరిగెనని కొందరందురు. చికిత్సకు సొమ్ము చెల్లించువారి పద్ధతి మారినపుడెల్ల చికిత్సయు మారెనని నాకు తోచుచున్నది.

జాన్ బొనికా యను వైద్యుడు 1917లో సిసిలీ చెంతనున్న ఫిలికూడి యను చిన్న దీవిలో పుట్టి, బాల్యముననే అమెరికా చేరెను. వైద్యవిద్యకు కావలసిన సొమ్మును మల్లయుద్ధములు చేసి సంపాదించెను. ముసుగు వేసికొని కూడ గోదాలోనికి దిగెడివాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున టకోమా పట్టణము చేరువనున్న సైనిక వైద్యశాలలో మత్తుమందు వైద్యుడుగా నుండి, గాయము మానినను నొప్పి మానని సైనికులను పెక్కుమందిని చూచెను. ఒక్క వైద్యుని తెలివి దీనికి చాలదని గ్రహించి, నరముల వైద్యుని, ఎముకల వైద్యుని, మానసిక వైద్యుని ఒక్కచోట కూర్చుండబెట్టి రోగినిగూర్చి మాటలాడించెను. 1953లో నొప్పి చికిత్సపై పెద్ద గ్రంథమును ప్రకటించెను. 1960లో సియాటిల్ నగరమందలి విశ్వవిద్యాలయమున చేరి, అక్కడ ఈ పద్ధతికి ఒక చికిత్సాలయమును నెలకొల్పెను. మల్లయుద్ధములలో తిన్న దెబ్బలు ఆయనను జీవితాంతము బాధించెను. నొప్పియనునది ఊహ కాదని ఆయనకు ఒకరు చెప్పవలసిన పని లేకపోయెను.

ఆ చికిత్సాలయమున ఫోర్డైస్ అను మనస్తత్త్వవేత్త చేసిన ఉపాయమొకటి వినదగినది. మాత్రలకు అలవాటుపడి వచ్చిన రోగికి ఆ మందునే రుచిగల పానకములో కలిపి ఇచ్చెడివారు. నొప్పి యనినప్పుడు కాదు, గడియారము కొట్టినప్పుడు. రోగి సమ్మతితోనే దినదినమునకు పానకములో మందుపాలు తగ్గించుచు, నడకను, వ్యాయామమును పెంచుచు పోయెడివారు. నొప్పి పూర్తిగా పోవునని వారు చెప్పలేదు. నొప్పి యుండగానే లేచి తన పని తాను చేసికొనుట నేర్పెడివారు. ఇట్టి చికిత్సాలయములు క్రమముగా దేశమందంతటను వెలసెను.

వారములు పట్టు చికిత్స, అయిదారుగురు నిపుణులు, పట్టీ పెద్దది. ఈ ఖర్చు నెవరు భరించుట? ఇక్కడ భీమా సంగతి చెప్పవలసియున్నది. నూరు కుటుంబములవారు ఏటేట తలకింతయని ఒక పెట్టెలో వేసి, ఎవరికి రోగము వచ్చిన వారికి ఆ పెట్టెనుండి చెల్లించుటయే భీమా. ధర్మమైన ఏర్పాటే. అయితే ఏ చికిత్సకు ఇయ్యవలెనో, దేనికి ఇయ్యరాదో పెట్టె తాళము గలవాడు నిర్ణయించును. అమెరికాలో చాలమందికి భీమా తాము కొలువుచేయు సంస్థ ద్వారా వచ్చును. కొలువు మారిన భీమాయు మారును. నేడు ఒక కంపెనీ పెద్ద మొత్తము వెచ్చించి ఒకని నడుము బాగుచేసినచో, దాని ఫలము అయిదేండ్ల తరువాత మరియొక కంపెనీకి ముట్టును. కావున ఈ యేటి ఖర్చే వారి కంటికి ఆనెను. పెద్ద పట్టీలను త్రోసివేయుచు వచ్చిరి. లేదా ముక్కలు చేసి, వ్యాయామమునకు కొంత యిచ్చి మానసిక చికిత్సకు లేదనిరి. 1990 తరువాత ఆ చికిత్సాలయములు ఒక్కొక్కటే మూతబడెను. మాత్రల సీసాకు మాత్రము భీమా అడ్డు చెప్పలేదు. వైద్యునికి రోగితో గడుపుటకు పావుగంట దొరకును. ఆ పావుగంటలో వ్రాసి యీయగలిగినది మాత్రయే.

మాత్ర అపాయకరము కాదను ప్రచారమును అప్పుడే వచ్చెను. 1980లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో అయిదే వాక్యముల లేఖ యొకటి పడెను. ఆసుపత్రిలో నల్లమందు జాతి మందులు పుచ్చుకొనిన 11,882 మందిలో నలుగురికి మాత్రమే వ్యసనము పట్టినట్లు కనబడెనని దాని సారము. అది ఆసుపత్రి పడకపై నున్నవారి లెక్క. ఇంటికి సీసా తీసికొనిపోయి ఏండ్లకొలది మ్రింగువారి లెక్క కాదు. అయినను దానినే పట్టుకొని ఎందరో వాదించిరి. 1996లో పర్డ్యూ ఫార్మా అను కంపెనీ ఆక్సీకాంటిన్ అను మాత్రను అంగడికి తెచ్చెను. దీనికి వ్యసనము తక్కువయని నమ్మించినందుకు ఆ కంపెనీ 2007లో న్యాయస్థానమున నేరము ఒప్పుకొని, ఆరువందల మిలియన్ల డాలర్లకు పైగా చెల్లించవలసివచ్చెను. ఈలోగా 1999లో వాషింగ్టను రాష్ట్రమున ఒక నియమము వచ్చెను: ఇట్టి మందు ఎంత మోతాదు వ్రాసినను, ఆ మోతాదు మాత్రమే కారణముగా వైద్యుని శిక్షింపరాదు. బాధపడువారిపై దయతోనే చేసిరి. ఫలితము వేరుగా వచ్చెను.

ఆ రాష్ట్రమున పనివారికి దెబ్బ తగిలిన ఆదుకొనుటకు 1911లోనే చట్టము వచ్చెను. ఆ భీమానిధిని నడుపునది ప్రభుత్వపు కార్మికశాఖ. పనివాని వైద్యమునకు చెల్లించునది ఆ కచేరియే. పనివాడు మరణించినచో భార్యాబిడ్డలకు భరణమిచ్చునదియు అదియే. మాత్రల పద్దు, చావు పద్దు ఒకే కవిలెలో పడుట అమెరికాలో అరుదు. 2000 ప్రాంతమున ఆ శాఖలో వైద్యాధికారి గారీ ఫ్రాంక్లిన్, మందుల విభాగపు అధికారిణి జేమీ మై ఈ పద్దులలో ఒక వింతను గమనించిరి. నడుము బెణుకువంటి, ప్రాణమునకు ముప్పులేని దెబ్బతో చేరిన పనివారు కొన్నేండ్లకు చనిపోవుచున్నారు. నడుము బెణికి చచ్చినవాడు లోకమున నెవడు? వారు కాగితములన్నియు తీసి చూచిరి. 1995 మొదలు 2002 వరకు ఇట్టి మందుల మోతాదు మించుటవలన నిశ్చయముగనో, బహుశః అనియో చెప్పదగిన చావులు 32 తేలెను. 2005లో దీనిని ప్రకటించిరి. ముప్పదిరెండు చిన్న సంఖ్యయే. కాని వీరెవ్వరును దొంగచాటుగా మత్తు కొనినవారు కారు; వైద్యుడు వ్రాసి యిచ్చిన చీటీతో, భీమా సొమ్ముతో మందు తెచ్చుకొనినవారు. 2007లో ఆ రాష్ట్రపు శాఖలు కలిసి ఒక హద్దు చెప్పినవి: రోగి నొప్పియు, పనిచేయు శక్తియు మెరుగుపడనిచో, దినమునకు 120 మిల్లీగ్రాముల మార్ఫినుకు సమానమైన మోతాదు దాటకముందే నొప్పి నిపుణుని సలహా పొందవలెను. 2010లో శాసనసభయు పాత నియమమును మార్చ పూనుకొనెను. ఆ యేట పనివారిలో ఈ చావులు తగ్గినవి.

ఇంత మేలుకొనిన ప్రభుత్వమే రెండవ పద్దులో నిద్రించెను. బీదలకు ప్రభుత్వమిచ్చు భీమాకు మెడికెయిడ్ అని పేరు. దానిలో ఖర్చు తగ్గించుటకై మెథడోను అను మిక్కిలి చవుకమందును మొదట వాడదగిన మందుల పట్టికలో చేర్చిరి. ఆ మందు నొప్పిని నాలుగు మొదలు ఎనిమిది గంటలే అణచును; శరీరములో మాత్రము రెండు దినములకు పైబడి యుండగలదు. నొప్పి తిరిగి రాగానే రోగి మరియొకటి మ్రింగును. పాతది లోపలనే యుండును. నిద్రలో ఊపిరి ఆగిపోవును. 2011 డిసెంబరులో సియాటిల్ టైమ్స్ పత్రిక చావుకాగితములన్నియు కూర్చి, 2003 నుండి ఆ రాష్ట్రమున మెథడోనుచే రెండువేలమందికి పైగా చనిపోయిరనియు, వారిలో బీదలే మెండనియు వెల్లడించెను. దేశమంతటను వ్రాయబడు నొప్పిమందులలో మెథడోను నూటికి రెండు పాళ్లేయైనను, అట్టి మందులవలని చావులలో దాదాపు మూడవ వంతు దానివేయని 2012లో కేంద్ర ప్రభుత్వపు రోగనివారణ కేంద్రము ప్రకటించెను. చవుక యనినపుడు ఎవరికి చవుకయని అడిగినవారు తక్కువ.

అదే 2012లో అమెరికాలో ఈ జాతి మందుల చీటీలు నూరుమందికి ఎనుబదియొకటి లెక్కన వ్రాయబడినవి. ఆపై తగ్గుచు వచ్చినవి. చావులు మాత్రము తగ్గలేదు. చీటీ దొరకనివారిలో కొందరు వీధిలో అమ్ము హెరాయినునకును, ఫెంటానిల్ అను ఘోరమైన మందునకును మరలిరి. 2017లో ఈ జాతి మందులన్నింటివలన చనిపోయినవారు 47,600 మంది. ఆ తరువాతి యేట మినియాపోలిస్ ప్రాంతపు మాజీ సైనికుల వైద్యశాలలలో నడుము, తుంటి, మోకాలి నొప్పులు గల 240 మందిపై జరిపిన పరీక్ష ఫలితము వెలువడెను. ఏడాది గడచినపిదప నల్లమందు జాతి మందు పుచ్చుకొనినవారు మామూలు మందులు పుచ్చుకొనినవారికంటె ఏమియు మెరుగుగా లేరు. ఈ పరీక్ష ఇరువది యేండ్ల ముందు జరుగవలసినది.

దక్షిణమున పొరుగునున్న ఆరిగాన్ రాష్ట్రము 2016 జూలైలో బీదల భీమా నియమములను తలక్రిందులు చేసెను. అదివరకు పెక్కుమంది నడుము నొప్పి రోగులకు మాత్రకు తప్ప మరి దేనికిని సొమ్ము దొరకకుండెను. కొత్త నియమముచే వ్యాయామచికిత్సకు, సూదులు గ్రుచ్చు చీనా వైద్యమునకు, వెన్ను సరిచేయు కైరోప్రాక్టరునకు, మానసిక చికిత్సకు చెల్లింతుమనిరి. మాత్రలకు, శస్త్రచికిత్సలకు హద్దులు పెట్టిరి. బొనికా కూర్చిన పనిని ఇన్నాళ్లకు భీమావారే మరల ముక్కముక్కలుగా కొనుచున్నారని నాకు నవ్వు వచ్చును. అయితే అంతటితో ఆగక, దీర్ఘకాలముగా మాత్రలపై నున్నవారికి సైతము వానిని పూర్తిగా మాన్పింపవలెనని 2018లో యోచించిరి. అలవాటుపడిన దేహమునుండి బలవంతముగా మందు లాగివేసినచో కొందరు ప్రాణమునే తీసికొందురని వైద్యులును రోగులును మొరపెట్టగా, 2019లో ఆ యోచనను విడిచిరి.

ముదుసలులకు కేంద్ర ప్రభుత్వమిచ్చు మెడికేర్ అను భీమా 2020 జనవరినుండి, మూడు నెలలకు పైబడిన నడుము నొప్పికి సూదుల వైద్యమునకు చెల్లించుట మొదలిడెను. తొంబది దినములలో పండ్రెండు మార్లు. గుణము కనబడినచో మరి యెనిమిది. గుణము లేనిచో అంతటితో సరి. ఏడాదికి ఇరువదికి మించరాదు. ఇరువదియొకటవ మారు ఖర్చు రోగిదే.