పాత లెన్సులు – క్రమసంఖ్యలు

మన ఇంటి రేడియో సెట్టు వెనుకభాగమున ఒక చిన్న రేకుబిళ్ళ ఉండును. దానిపై తయారుచేసినవారి పేరును, ఒక సంఖ్యయు కనబడును. సెట్టు మరమ్మతునకు పోయిననాడు తప్ప ఆ సంఖ్యను మన మెవ్వరమును చూడము. ఛాయాచిత్రములు తీయు కెమెరాకు ముందర అమర్చెడు లెన్సు మీదను ఇట్టి సంఖ్యయే కలదు. దానిని చదువుట నేర్చినవారికి ఆ లెన్సు పుట్టిన కాలము చాలవరకు తెలియును. నేర్వకయే తెలిసినట్లు చెప్పినచో లేని చరిత్ర పుట్టును. ఈ రెండవ సంగతియే మమ్ము ఈ ప్రసంగమునకు పురికొల్పినది.

అల్వాలు, బొల్లారము, తిరుమలగిరి ప్రాంతములు దండు విడిసిన నేలలు. బొల్లారములో 1860లో కట్టిన రెసిడెన్సీ భవనము నేడు రాష్ట్రపతి నిలయముగా నున్నది. ఇక్కడికి దక్షిణమున కొద్ది మైళ్ళ దూరములో, సికిందరాబాదున, లాలా దీనదయాళు తన స్టూడియోను నడపెను. ఆయన 1844లో మీరట్టు సమీపమున సర్ధనాలో జన్మించెను. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ఉద్యోగము చేయుచు ఛాయాచిత్రకళ నభ్యసించెను. పిమ్మట ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థానమున చిత్రకారుడై, 1894లో రాజా బిరుదమును పొంది, 1905లో గతించెను. ఆయన స్టూడియోకు చెందిన గాజుపలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు 1989లో చేరినవి. పలకలు లెక్కకు వచ్చినవి. ఆ పలకలపై వెలుగును ప్రసరింపజేసిన లెన్సులకు అట్టి లెక్క లేదు. లెక్క లేనిచోటనే కథలు మొలచును.

అల్వాలులో ఒక ఇంట పాత ట్రంకుపెట్టె అడుగున ఇత్తడి గొట్టములో బిగించిన లెన్సు దొరికినదనుకొందము. "ఇది మా తాతగారు దీనదయాళుగారి స్టూడియోనుండి తెచ్చినది" అని ఇంటివారందురు. అబద్ధమాడవలెనని వారి ఉద్దేశము కాదు. చిన్ననాటినుండి విన్నమాటను చెప్పుదురు. ఈ మాట నిలుచునా, నిలువదా అని తేల్చుటకు మొదటి సాక్షి ఆ లెన్సే.

సంఖ్యను చూచుటకు ముందు పేరును చూడవలెను. పేరునకు పుట్టిన సంవత్సరము కలదు గనుక, లెన్సు అంతకుముందుది కానేరదు. లండనులో డాల్మేయరు "రాపిడ్ రెక్టిలీనియర్" అను లెన్సును, మ్యూనిచ్చిలో స్టైన్‌హైలు "అప్లనాట్" అను లెన్సును ఒకే సంవత్సరము, 1866లో, బయటపెట్టిరి. జర్మనీలో యేనా నగరపు జీస్ కర్మాగారమున పౌలు రుడోల్ఫు 1890లో "అనస్టిగ్మాట్" లెన్సును రూపొందించెను. దానికే 1900లో "ప్రోటార్" అని పేరు మార్చిరి. కావున జీస్ వారి లెన్సుపై పాతపేరున్నచో ఒక కాలము, క్రొత్తపేరున్నచో మరొక కాలము. రుడోల్ఫు లెన్సులలో మిక్కిలి పేరుగన్న "టెస్సార్" 1902లో పుట్టినది.

ఆ 1902లోనే వరంగల్లు దాపున నెక్కొండ ప్రాంతమున కర్జను ప్రభువు పులిని వేటాడెను. ఆయనయు ఆయన భార్యయు చచ్చిన పులి చెంత నిలిచిన చిత్రము దీనదయాళు పేర లోకప్రసిద్ధము. మన ట్రంకుపెట్టెలోనిది టెస్సారు అయి, "ఆ పులిచిత్రము దీనితోనే తీసిరి" అని ఇంట వాడుక ఉన్నచో, పేరు మాత్రము చూచినవారు సంవత్సరములు సరిపోయినవని సంతోషింతురు. అప్పుడు సంఖ్యను చూడవలెను. జీస్ వారి క్రమసంఖ్యలు 1914 నాటికి సుమారు 2,50,000 చేరినవి. 1939 నాటికి 25 లక్షలు దాటినవి. పెట్టెలోని లెన్సుపై 6 లక్షల పైచిలుకు సంఖ్య ఉన్నచో, అది 1925 ప్రాంతమునకు చెందినది. దీనదయాళు గతించి అప్పటికి ఇరువది యేండ్లు. వాడుక అంతటితో ఆగిపోవును.

సంఖ్య చిన్నదైనంత మాత్రమున లెన్సు మిక్కిలి పాతదని తలంపరాదు. ప్రతి కర్మాగారమునకును తన ఖాతా వేరు. ఫోయిగ్ట్లెండరు కంపెనీ, వియన్నాలో పెట్జ్వాలు అను పండితుడు లెక్కగట్టి యిచ్చిన తీరున 1840లో చిత్తరువు లెన్సును ఆరంభించి, 1862 నాటికి పదివేలవ లెన్సును చేసినది. ఆ కంపెనీకి పదివేలు ఇరువది రెండేండ్ల శ్రమ. అదే సంఖ్య మరొక కంపెనీలో మరొక కాలమును సూచించును. ఇందులో ఒక చిక్కు కలదు. జీస్ లెన్సులను లండనులో రాస్ కంపెనీవారు అనుమతి పొంది తయారుచేసిరి. అట్టివానిపై రెండు పేర్లును కనబడును గాని, సంఖ్య మాత్రము రాస్ వారిది. ఆంగ్లసైనికులు నివసించిన మన దండు ప్రాంతములకు లండను సరకు వచ్చుట సహజము. దానిని జీస్ పట్టికతో సరిపోల్చినచో ఫలితము శుద్ధతప్పు.

రెండవ ప్రపంచయుద్ధానంతరము చిక్కు ఇనుమడించినది. 1945లో అమెరికా సైన్యము యేనాను విడుచునప్పుడు జీస్ నిపుణులను కొందరిని వెంట తీసికొనిపోయెను. వారు పశ్చిమ జర్మనీలో ఓబెర్‌కోహెన్ అను చోట పని ఆరంభించిరి. యేనా నగరము సోవియట్ల వశమయ్యెను. అక్కడి కర్మాగారము యుద్ధానంతరపు లెన్సులకు 30 లక్షలనుండి సంఖ్యలు వేసినది. పశ్చిమమువారు వేరుగా మొదలిడిరి. పేరునకై ఉభయులును న్యాయస్థానముల కెక్కుటచే, యేనావారు కొన్ని దేశములకు పంపు లెన్సులపై జీస్ పేరును మాని "యేనా" అనియు, టెస్సారునకు బదులు "టి" అను ఒక్క అక్షరమును చెక్కిరి. గాజుపై కాంతి ప్రతిఫలింపకుండ వేసిన పూతకును ఎఱ్ఱని "టి" గుర్తే వాడుకలో నుండెను. ఒకే అక్షరము ఒకచోట పేరు, మరొకచోట పూత! తెలియనివారు మోసపోవుటలో వింత లేదు.

ఇంతయు సరిచూచిన పిదప తేలునది ఏమి? మా దృష్టిలో సంఖ్య "కాదు" అని గట్టిగా చెప్పగలదు గాని "ఔను" అని చెప్పలేదు. సంఖ్య 1890 నాటిదైనను, ఆ లెన్సు సికిందరాబాదునకు ఎప్పుడు వచ్చినదో, ఎవరి చేత నుండెనో చెప్పదు. కర్మాగారములు ఒక్కొక్క తరగతికి కొన్ని వందల సంఖ్యలను ముందుగానే కేటాయించుట కలదు. లెన్సు అంగడిలో కొన్నేండ్లు పడియుండుటయు కలదు. మంచి లెన్సు రెండు మూడు కెమెరాలు మారి యజమానికంటె ఎక్కువకాలము బ్రతుకును. కావున సంఖ్య అనుకూలించినంతమాత్రమున "దీనదయాళు లెన్సు" అని చీటీ అంటించుట తొందరపాటు. "దీనదయాళు కాలపు లెన్సు" అనుట న్యాయము.

గొట్టముపై నున్న కంకణమును విప్పి మరొకదానికి బిగించుట కష్టము కాదు గనుక, పరీక్షకులు లోపలి గాజుబిళ్ళల అంచును కూడ చూతురు. పాతకాలపు పనివారు కొందరు అక్కడ పెన్సిలుతో అదే సంఖ్యను వ్రాసెడివారు. రెండును కలిసినచో నమ్మకము హెచ్చును. అయితే బిళ్ళలను విప్పుట ఇంటివారి పని కాదు. తిరుగవేసి బిగించినచో చిత్రము చెడును.

మరియొక మాట. మన ఇండ్లలో ఇత్తడి కనబడిన తోడనే చింతపండు తెచ్చుట అలవాటు. లెన్సు విషయమున ఆ పని చేయరాదు. ఇత్తడిపై వేసిన లక్క పూతయు, అక్షరములలో నింపిన నలుపును రెండు తోముళ్ళతో పోవును. సంఖ్యలో మూడో ఎనిమిదో తెలియకుండపోవును. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము దులిపి, లెన్సుపై నున్న పేరు, ఊరు, సంఖ్య ఉన్నవి ఉన్నట్లుగా, చుక్కతో సహా కాగితముపై వ్రాసి, తాతగారినుండి విన్నమాటను దాని క్రింద వేరుగా వ్రాసి, ఆ కాగితమును పెట్టెలోనే ఉంచవలెను.