ఏ కొట్లో సెల్లయినా పట్టేది

ఇప్పుడు సెల్లంటే ఫోను. ఖమ్మం దాటి భద్రాచలం అడవి వైపు వెళ్తే, ఒకప్పుడు సెల్లంటే బ్యాటరీ లైటులో వేసే లావుపాటి సెల్లే. చేను కాపలాకి వెళ్ళే మగవాళ్ళకే కాదు, చీకట్లో దొడ్లోకి వెళ్ళాల్సిన ఆడవాళ్ళకీ ఆ లైటే ధైర్యం. వెలుగు తగ్గితే సెల్లులు కాసేపు ఎండలో పెట్టి ఇంకో రాత్రి లాగించేవాళ్ళం.

అయిపోతే కిరాణా కొట్టుకో సంతకో వెళ్తే చాలు. ఎవరెడీ లైటులో నిప్పో సెల్లు పట్టేది. అదే సెల్లు రేడియోలోనూ వేసుకునేవాళ్ళం. నిప్పో మన నెల్లూరుదే; 1972లో ఏర్పడిన ఇండో నేషనల్ సంస్థ జపాన్ వారి సహకారంతో తయారుచేసింది. ఎక్కడి సెల్లు ఎక్కడైనా పట్టడం దానంతటది జరగలేదు. 1924లో అమెరికాలో తయారీదారులూ ప్రభుత్వం వాళ్ళూ కూర్చుని సైజులకు అక్షరాల పేర్లు పెట్టే పద్ధతి తెచ్చారు. మన లావు సెల్లు ‘డి’. గోడగడియారంలో వేసే సన్నది ‘ఏఏ’. కొలత అందరిదీ కాబట్టి కంపెనీలు ధరలో, మన్నికలో పోటీ పడాలి. ఎంచుకునేది మనం.

ఫోన్లొచ్చాక మోడల్‌కో బ్యాటరీ అయింది. నోకియా 1100లోని బీఎల్-5సీ ఒక వింత. అది ఆ కంపెనీ సొంత బ్యాటరీయే అయినా, చిన్న రేడియోలు, స్పీకర్లు చేసేవాళ్ళు కూడా దాన్నే పెట్టడంతో సందుసందునా దొరికింది. తర్వాత ఫోను వెనక మూతే తీయరాకుండా పోయింది. సన్నగా ఉండాలి, నీళ్ళు పోకూడదు అంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ బ్యాటరీ లైటు కూడా ఛార్జింగ్ లైటైపోయింది. మూత తెరుచుకోని వాటిలో బ్యాటరీ చచ్చిపోతే లైటు మొత్తం చెత్తలోకే.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు! వరదలో కరెంటు తీసేస్తారు, తీసేయాలి కూడా. అప్పుడు ఛార్జింగ్ లైటు ఎన్ని గంటలు? ఏఏ సెల్లుల లైటైతే గోడగడియారంలోంచి తీసి వేసినా వెలుగుతుంది.

యూరప్ దేశాల్లో 2027 ఫిబ్రవరి 18 నుంచి, కొన్ని మినహాయింపులతో, చిన్న పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్ళే మార్చుకునేలా ఉండాలని చట్టం చేశారు. మనకూ అలాంటిది కావాలి. వచ్చేదాకా ఇంట్లో ఒక్క లైటైనా కొట్లో దొరికే సెల్లులు పట్టేది ఉంచుకోండి. కొనేముందు మూత తిప్పి చూడండి.