పాల్ రోబ్సన్: పాటకు పాస్‌పోర్టు లేని ఎనిమిదేళ్లు

"స్వతంత్ర గాయకుడు" అన్న మాట ఈ మధ్య మన విద్యార్థుల నోట తరచు వినబడుతున్నది. ఏ కంపెనీకీ కట్టుబడకుండా తన పాట తాను రికార్డు చేసుకొని, తన కచేరీ తాను ఏర్పాటు చేసుకొనే వాణ్ణి ఆ పేరుతో పిలుస్తున్నారు. మంచిదే. కాని ఆ మాట వెనుక ఒక ఊహ దాగి ఉన్నది. గొంతూ పట్టుదలా ఉంటే చాలు, గాయకుడు ఎవరి అండా లేకుండా నిలబడగలడని! ఈ ఊహలో నిజమెంతో తేల్చుకోవటానికి పాల్ రోబ్సన్ జీవితంలో 1950 నుండి 1958 వరకు గడిచిన కాలాన్ని మించిన ఉదాహరణ నాకు కనబడలేదు.

రోబ్సన్ 1898లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో పుట్టాడు. తండ్రి బానిసగా పుట్టి, పదిహేనేళ్ల ప్రాయంలో పారిపోయి, చదువుకొని చర్చిలో బోధకుడైనవాడు. కొడుకు న్యాయశాస్త్రం చదివాడు గాని ఆ వృత్తిలో నిలవలేదు. 1925 ఏప్రిల్ 19న న్యూయార్కులోని ఒక చిన్న నాటకశాలలో, లారెన్స్ బ్రౌన్ పియానో వాయిస్తుండగా, ఒక సాయంత్రమంతా నల్లజాతివారి పాటలే పాడాడు. పత్తి చేలలో, చర్చి బల్లల మీద బానిసల నోట పుట్టిన పాటలకు కచేరీ వేదిక మీద పూర్తి గౌరవం దక్కిన సాయంత్రమది. విక్టర్ కంపెనీ ఆ ఏడాదే ఆయన పాటలను రికార్డులుగా తెచ్చింది. 1939లో సి.బి.యస్. రేడియోలో ఆయన పాడిన 'బ్యాలడ్ ఫర్ అమెరికన్స్' ఎంత ప్రచారం పొందిందంటే, మరుసటి ఏడాది రిపబ్లికన్ పార్టీ మహాసభలో కూడా దానిని పాడించుకున్నారు. పాడింది వేరొకరు లెండి!

అంటే అప్పటికి రోబ్సన్ మనవాళ్లనే అర్థంలో స్వతంత్ర గాయకుడు కాడు. వ్యాపార సంగీత ప్రపంచానికి నడిబొడ్డున ఉన్నవాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లికు పక్షాన పాడినా, కార్మిక సంఘాల సభలలో పాడినా, ఆ ప్రపంచం కొంతకాలం సహించింది. 1949లో ఆ సహనం అడుగంటింది. ఆ ఏప్రిల్‌లో పారిస్ శాంతి మహాసభలో ఆయన అన్న మాటలను వార్తాసంస్థలు వక్రీకరించి ప్రచారం చేశాయి. ఆగస్టు 27న న్యూయార్కు రాష్ట్రంలో పీక్‌స్కిల్ దగ్గర జరగవలసిన కచేరీని అల్లరిమూకలు జరగనివ్వలేదు. ఎనిమిది రోజుల తర్వాత, సెప్టెంబరు 4న, అక్కడే మళ్లీ పెట్టారు. సుమారు 20 వేల మంది వచ్చారు. కార్మిక సంఘాలవాళ్లు రెండు వేలకు పైగా మైదానం చుట్టూ భుజం భుజం కలిపి నిలబడ్డారు. వేదిక మీద కొందరు ఆయన వెనుకనే, తుపాకి గుండు వస్తే తమకు తగలాలని నిలబడ్డారు. పాట సాగింది. కాని ఇళ్లకు తిరిగిపోతున్న జనం మీద, బస్సుల మీద దారి పొడవునా రాళ్ల వర్షం కురిసింది. ఆ కచేరీలో పాడిన పీట్ సీగర్, తన కారులో పడిన రాళ్లను తర్వాత తన ఇంటి పొయ్యిగోడలో పెట్టి కట్టుకున్నాడు.

అక్కడినుండి తలుపులు ఒకటొకటిగా మూసుకున్నాయి. హాళ్లవాళ్లు ఒప్పుకున్న కచేరీలు రద్దు చేసుకున్నారు. 1950 మార్చిలో ఎన్.బి.సి. ఆయనను టెలివిజనులో కనబడనివ్వలేదు. అదే ఏడాది విదేశాంగశాఖ పాస్‌పోర్టు రద్దు చేసింది. ఆఫ్రికా వలస ప్రజల స్వాతంత్ర్యం కోసం ఆయన పనిచేయటాన్ని కూడా ఆ శాఖ తన వాదనలో ఒక కారణంగా కోర్టుకు చెప్పుకున్నది. పెద్ద రికార్డు కంపెనీలు ముఖం తిప్పుకున్నాయి. గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ గొంతుకు వినేవాళ్లూ తగ్గలేదు. వాళ్లకూ ఆయనకూ మధ్య ఉండవలసినవన్నీ పోయాయి.

అప్పుడు పుట్టినదే ఒథెల్లో రికార్డింగ్ కంపెనీ. కొడుకు పాల్ రోబ్సన్ జూనియర్ కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివినవాడు. ఆ చదువు ఇప్పుడు తండ్రి పాటకు పనికివచ్చింది. మొదటి రికార్డు 'రోబ్సన్ సింగ్స్' 1952లో వచ్చింది. దానిని దుకాణాలు అమ్మవు. రోబ్సన్ ప్రభృతులు హార్లెం నుండి నడుపుతున్న 'ఫ్రీడం' పత్రిక పాఠకులకు తెలియజేసింది. చర్చిలూ యూనియన్లూ చేతులు మార్చాయి. తపాలాలో ఇళ్లకు చేరింది. ఇది స్వతంత్ర సంస్థే. కాని ఆ స్వాతంత్ర్యం ఎవరి భుజాల మీద నిలిచిందో చూడండి. డబ్బు ముందు పంపి రికార్డు కోసం ఎదురుచూసిన మనిషి ఆ సంస్థకు పెట్టుబడి.

కచేరీల కథ ఇంతకంటె గొప్పది. 1952 జనవరి చివర, కెనడాలోని వాంకూవర్‌లో జరుగుతున్న ఖనికార్మికుల మహాసభలో పాడటానికి ఆయన బయలుదేరాడు. ఆ రోజుల్లో అమెరికా పౌరుడు కెనడా పోవటానికి పాస్‌పోర్టు అక్కరలేదు. అయినా బ్లేన్ దగ్గర సరిహద్దులో ఆపివేశారు. మర్నాడు టెలిఫోనులో పాడితే మహాసభ విన్నది. అంతటితో ఆ సంఘం ఊరుకోలేదు. మే 18న అదే సరిహద్దులో, పీస్ ఆర్చ్ పార్కులో, అమెరికా భూమి మీద ఒక లారీ నిలబెట్టి దానినే వేదిక చేశారు. గాయకుడు ఈ దేశంలో, శ్రోతలలో అధికభాగం ఆ దేశంలో! పాతిక వేల మంది వచ్చారని ఒకరు, నలభై వేలని మరొకరు లెక్క చెప్పారు. ఆ కచేరీని ఆ సంఘమే రికార్డుగా వేసింది. 1955 వరకు ఏటా ఆ సరిహద్దులో పాట జరిగింది. 1940ల చివర మన ప్రజానాట్యమండలి బుర్రకథల మీద, 'మాభూమి' నాటకం మీద నిషేధాలు పడిన రోజుల కథలు విన్నవాళ్లకు ఈ లారీ వేదిక కొత్తగా తోచదు.

1956లో అట్లాంటిక్ సముద్రం అడుగున మొదటి టెలిఫోను కేబులు పడింది. ఒకేసారి 36 సంభాషణలు సాగటానికి వీలైన తీగ అది. వ్యాపారుల, ప్రభుత్వాల అవసరం కోసం వేసిన ఆ తీగలో 1957 మే 26న రోబ్సన్ న్యూయార్కులో కూర్చుని పాడితే, లండన్‌లో సెయింట్ పాంక్రాస్ టౌన్‌హాలులో జనం విన్నారు. అక్టోబరు 5న వేల్సు గనికార్మికుల వంతు వచ్చింది. పోర్త్‌కాల్ పట్టణంలో ఐదు వేల మంది ఆయన పాట విని, తమ గాయకబృందంతో అదే తీగ మీద బదులు పాడించారు. మనిషిని ఆపగలిగిన విదేశాంగశాఖ గొంతును ఆపలేకపోయింది.

ఇక్కడ ఒక చేదు విషయం దాటవేస్తే చరిత్రకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. 1949 జూన్‌లో మాస్కోలో రోబ్సన్ తన మిత్రుడు, యిద్దిష్ కవి ఇట్సిక్ ఫెఫర్‌ను కలుసుకున్నాడు. ఆయన అప్పటికే ఖైదీ. ఆయన ఆపదలో ఉన్నాడని గ్రహించి, ఆ కచేరీలో ఆయన పేరెత్తి నాలుగు మాటలు చెప్పి, యిద్దిష్ భాషలో యూదు గెరిల్లాల పాట పాడాడు. తర్వాత బయటికి వచ్చిన రికార్డులో పాట ఉంది, ఆ మాటలు లేవు. స్వదేశానికి తిరిగివచ్చాక మాత్రం సోవియట్ దేశంలో యూదుల మీద వేధింపులేవీ లేవన్నాడు. ఫెఫర్‌ను 1952 ఆగస్టులో కాల్చిచంపారు. శత్రువు చేతికి ఆయుధం ఇవ్వరాదన్నది ఆ మౌనానికి కారణమని ఆయన పక్షాన చెబుతారు. నాకు ఆ సమాధానం చాలదు. తన నోరు మూయించినవాళ్లను ఎదిరించిన గొంతు, మిత్రుడి నోరు మూయించినచోట బహిరంగంగా పలకవలసింది.

1958 నాటికి గాలి మారింది. ఆయన 60వ జన్మదినాన్ని మన దేశంలో జరపటానికి ఛాగ్లా అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడితే, అమెరికా రాయబారవర్గం అభ్యంతరపెట్టినా నెహ్రూ దానిని సమర్థించాడు. మే 9న కార్నెగీ హాలు కిక్కిరిసింది. ఆ కచేరీని వాన్‌గార్డ్ కంపెనీ రికార్డు చేసింది. జూన్ 16న సుప్రీంకోర్టు మరొకరి కేసులో ఇచ్చిన తీర్పుతో ఆయనకు కూడా పాస్‌పోర్టు తిరిగివచ్చింది. లండన్ వెళ్లాడు, మాస్కో వెళ్లాడు, ఆస్ట్రేలియా వెళ్లి సిడ్నీ ఆపెరా హాలు కడుతున్న కూలీల మధ్య నిలబడి పాడాడు. కాని ఆ ఎనిమిదేళ్లు మనిషిని లోపల తొలిచాయి. 1961లో జబ్బుపడ్డాడు, చివరి పదేళ్లు ఫిలడెల్ఫియాలో అక్కగారి ఇంట గడిపి 1976లో కన్నుమూశాడు.

అంతకు మూడేళ్ల ముందు, 1973 ఏప్రిల్‌లో, 75 ఏళ్లు నిండిన సందర్భంగా కార్నెగీ హాలులో ఆయన గౌరవార్థం సభ జరిగింది. ఈసారి ఏ ప్రభుత్వమూ అడ్డుపడలేదు. శరీరం సహకరించక ఆయనే రాలేకపోయాడు. తాను చెప్పదలచిన మాటలు టేపు మీద పంపాడు. హాలులో దీపాలు వెలుగుతుండగా ఆ టేపు వేసి వినిపించారు.